ఆ పాటలో 'మేము' ఎవరు?

కిందటేడు ఇటుకల పండగకి మా పాత విద్యార్థి ఒకడు గిటారుతో ఊరికి వచ్చాడు. పట్నంలో పాలిటెక్నిక్ చదువుతున్నాడు. మా బడిలో అక్షరాలు దిద్దినవాడే. పండగ రాత్రి థింసా ఆడేటప్పుడు తుడుము, కిరిడి, మోరిలతో పాటు తానూ గిటారు వాయిస్తానన్నాడు. ఊరి పెద్దలు మా వైపు చూశారు. పంతుళ్లం ఇద్దరం ఉన్నాం అక్కడ. ఇద్దరమూ వద్దన్నాం. "ఇది తాతల నాటి పాటరా. గిటారు కలిస్తే మన పాట మన పాటలా ఉండదు" అని చెప్పాం.

వాడు ఎదురు చెప్పలేదు. గిటారు సంచిలో పెట్టుకుంటూ ఒక్క మాట మాత్రం అడిగాడు. "మాస్టారూ, మరి మీరిద్దరూ రోజూ ఫోన్‌లో వినేవి గిటారు పాటలే కదా?"

ఆ రాత్రి మాకు థింసా మీద మనసు నిలవలేదు. వాడు అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఇరవై ఏళ్లకు పైగా మేము విదేశీ రాక్ పాటలు వింటున్నాం. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో ఏజెన్సీ నుంచి వచ్చిన మేమిద్దరం ఒకే అద్దె గదిలో ఉండేవాళ్లం. ఇప్పుడు ఒకే మండలంలో పక్కపక్క బడుల్లో పని చేస్తున్నాం. ఈ వ్యాసంలో 'మేము' అంటే మేమిద్దరమే. రాసింది ఒకరైనా మాట ఇద్దరిదీ. మేము ప్రేమించిన కొన్ని ఆల్బమ్‌ల గురించి చెబుతూ, వాడి ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలని ఈ ప్రయత్నం.

ఎండిన నేల బొమ్మ ఉన్న క్యాసెట్

ఆదివారం పూట పట్నం ఫుట్‌పాత్ మీద పాత క్యాసెట్లు అమ్మేవాళ్లు. సినిమా పాటల కుప్పలో ఒకసారి ఒక ఇంగ్లీషు క్యాసెట్ దొరికింది. అట్ట మీద ఎర్రటి ఎండిన నేల, దాని మధ్య ఒక పాడుబడ్డ ఇల్లు. ఆ బొమ్మ చూసే కొన్నాం. అది ఆస్ట్రేలియాకు చెందిన మిడ్‌నైట్ ఆయిల్ బృందం 1987లో తెచ్చిన 'డీజిల్ అండ్ డస్ట్'.

మొదటి పాట 'బెడ్స్ ఆర్ బర్నింగ్'. మొదట్లోనే తలుపు మీద గట్టిగా కొట్టినట్టు మూడు దెబ్బలు వినిపిస్తాయి. ఆ తర్వాత బేస్ గిటారు ఒకే నడకలో సాగిపోతుంది. గాయకుడు పీటర్ గారెట్ గొంతులో తీపి ఉండదు. పంచాయితీలో నిలబడి మాట్లాడుతున్న మనిషిలా పాడతాడు. మాకు అప్పటికి ఇంగ్లీషు అంతంత మాత్రం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటే తెలిసింది, ఆ పాట ఆదివాసుల భూమి గురించని.

ఆ పాట వెనుక కథ తర్వాత చదివాం. 1986లో మిడ్‌నైట్ ఆయిల్ వాళ్లు ఆదివాసీ కళాకారులున్న వరుంపి బ్యాండ్‌తో కలిసి ఎడారి లోపలి ఆదివాసీ ఊళ్లు తిరిగారు. అక్కడ పింటుపి అనే జనం ఉన్నారు. వాళ్లను 1950, 60లలో ఎడారిలోని సొంత నేల నుంచి తెచ్చి పపున్యా అనే ప్రభుత్వ స్థావరంలో పెట్టారు. 1980ల మొదట్లో వాళ్లు మళ్లీ తమ నేలకు నడిచారు. ఈ పాట వాళ్ల గురించే. ప్రాజెక్టుల కింద ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకు వెళ్లిన బంధువులు మనలో చాలామందికి ఉన్నారు. కాబట్టి ఈ కథ మాకు వేరే దేశం కథలా అనిపించలేదు.

ఈ పాటను తెలుగులోకి మార్చి పిల్లలకు చెబుదామని కూర్చున్నాం. మొదట్లోనే ఒక మాట దగ్గర ఆగిపోయాం. ఇంగ్లీషులో 'వుయ్' ఒక్కటే. తెలుగులో రెండున్నాయి, మేము, మనం. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. గోండిలోనూ కువిలోనూ ఈ తేడా ఉంది. పాట మార్చాలంటే ముందు తేల్చుకోవాలి, పాడేవాడు ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నాడు అని.

'బెడ్స్ ఆర్ బర్నింగ్'లో తేల్చుకోవడం సులువే. పాడేది తెల్లవాడు. మాట్లాడేది తన తోటి తెల్లవాళ్లతో. ఈ నేల వాళ్లది, బాకీ పడ్డది మనం, తిరిగి ఇచ్చేద్దాం అంటున్నాడు. అక్కడ 'మనం' రాశాం, సరిగ్గా కుదిరింది. ఆదివాసుల మీద జాలి చూపించి ఊరుకోకుండా, తన వాళ్ల తప్పు తన నోటితో ఒప్పుకుంటున్నాడు. అందుకే ఆ పాటంటే మాకు గౌరవం.

అదే ఆల్బమ్‌లో 'ది డెడ్ హార్ట్' అని ఇంకో పాట ఉంది. ఉలురు అనే పెద్ద కొండను 1985లో ప్రభుత్వం అక్కడి అనంగు ప్రజలకు తిరిగి అప్పగించింది. ఆ సందర్భం మీద తీసిన చిత్రం కోసం రాసిన పాట అది. ఇక్కడ 'వుయ్' అంటే ఆదివాసులు. తెల్లవాళ్లు వచ్చి అంతా తీసుకుపోయినా మా నడక మానలేదు అని ఆదివాసుల మాటగా పాట సాగుతుంది. ఇక్కడ 'మేము' అని రాయాలి. కానీ పాడే గొంతు గారెట్‌దే. బాణీ గొప్పది, ఉద్దేశం మంచిది. అయినా మాకు ఏదో తక్కువైనట్టు ఉండేది. మన సభల్లో బయటివాళ్లు వేదికెక్కి "మేము ఆదివాసులం" అని పద్యం చదివినప్పుడు చప్పట్లు కొడుతూనే ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం కదా, అలాంటిదే.

గారెట్ బృందం చేసింది చిన్నదని మా అభిప్రాయం కాదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు సభలో, ఆదివాసులకు క్షమాపణ చెప్పడానికి ఒప్పుకోని ప్రధాని చూస్తుండగా, 'సారీ' అని రాసిన నల్ల బట్టలతో వచ్చి 'బెడ్స్ ఆర్ బర్నింగ్' పాడారు. ప్రభుత్వం తరఫున ఆ క్షమాపణ 2008లో గానీ రాలేదు. తోడు నిలబడేవాళ్లు ఇలాగే నిలబడాలి. కానీ తోడుండేవాడు పాడే పాట వేరు, బాధపడ్డవాడు పాడే పాట వేరు. ఈ తేడా మాకు నేర్పింది డీజిల్ అండ్ డస్టే.

ఒక పేరు, ఐదుగురి పాట

ఆ తర్వాత మేము ఎక్కువసార్లు విన్నది 'ది బ్యాండ్' అనే బృందం 1969లో అదే పేరుతో తెచ్చిన ఆల్బమ్. గోధుమరంగు అట్ట మీద ఐదుగురు మనుషుల నలుపు తెలుపు బొమ్మ. నలుగురు కెనడావాళ్లు, ఒకరు అమెరికాలోని ఆర్కాన్సాస్ మనిషి. ఈ ఆల్బమ్‌లో మాకు నచ్చేది ఎవరూ ముందుకు తోసుకు రాకపోవడం. ముగ్గురు గాయకులు ఒకరి మాట ఒకరు అందుకుంటారు. వాయిద్యాలూ చేతులు మారతాయి. 'రాగ్ మామా రాగ్' అనే పాటలో డ్రమ్స్ వాయించే లెవాన్ హెల్మ్ మాండొలిన్ పట్టుకుంటే, పియానో వాయించే రిచర్డ్ మాన్యుయెల్ డ్రమ్స్ దగ్గర కూర్చుంటాడు. థింసాలో ఒకరు అలిసిపోతే పక్కవాడు తుడుము అందుకోవడం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా ఉండదు.

కానీ అట్ట వెనక్కి తిప్పి చూస్తే పన్నెండు పాటల్లోనూ రచయితగా రాబీ రాబర్ట్‌సన్ పేరు ఉంటుంది. మాన్యుయెల్ పేరు మూడు పాటలకు, హెల్మ్ పేరు ఒక్క పాటకు తోడుగా కనిపిస్తాయి. అందరం కలిసి వాయిస్తూ వాయిస్తూ తయారు చేసిన పాటలకు పేరూ డబ్బూ ఒకరికే పోయాయని హెల్మ్ చాలా ఏళ్లు బాధపడ్డాడు. తన ఆత్మకథలోనూ రాశాడు. రాసే పని చేసింది తానేనని రాబర్ట్‌సన్ అన్నాడు. ఎవరిది న్యాయమో ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేం. కానీ పదిమంది కలిసి పాడిన పాట కాగితం మీదికి ఎక్కేటప్పుడు ఏమవుతుందో ఈ గొడవలో తెలుస్తుంది. అట్ట మీద ఒక్క పేరుకే చోటుంటే, మిగతా తొమ్మిది పేర్లూ ఎక్కడికి పోతాయి?

రాబర్ట్‌సన్ గురించి మాకు ఆలస్యంగా తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన తల్లి కెనడా ఆదివాసీ. కయూగా, మోహాక్ జాతుల మనిషి. ఒంటారియోలో 'సిక్స్ నేషన్స్' అనే ఆదివాసీ ప్రాంతంలో పెరిగింది. చిన్నప్పుడు ఆయన సెలవులకు అక్కడికే వెళ్లేవాడు. గిటారు పట్టుకోవడం ఆ బంధువుల దగ్గరే మొదలుపెట్టాడు. ఆదివాసీవని గర్వపడు, కానీ ఎవరితో చెబుతున్నావో చూసుకో అనే మాట చిన్నప్పుడే ఆయన చెవిన పడింది.

ఇది తెలిశాక ఆ ఆల్బమ్‌ను మళ్లీ విన్నాం. అందులో అన్నిటికంటే పేరున్న పాట 'ది నైట్ దే డ్రోవ్ ఓల్డ్ డిక్సీ డౌన్'. అమెరికా అంతర్యుద్ధంలో ఓడిపోయిన దక్షిణాదికి చెందిన ఒక పేద తెల్ల రైతు తన గోడు చెప్పుకుంటాడు. హెల్మ్ దాన్ని పాడిన తీరుకు కళ్లు చెమరుస్తాయి. అయితే ఆ రైతు పక్షం ఏ బానిసత్వం కోసం పోరాడిందో, ఆ బానిసల మాట పాటలో ఎక్కడా లేదు. ఇంకో సంగతి. పరాయి రైతు దుఃఖంలోకి అంత లోతుగా వెళ్లగలిగిన మనిషి, ఆ ఆల్బమ్‌లో తన తల్లి జనం గురించి ఒక్క పాట రాయలేదు.

దీన్ని తప్పుగా లెక్కపెట్టడం మా ఉద్దేశం కాదు. పట్నం కాలేజీల్లో "మీదే ఊరు?" అని అడిగితే "వైజాగ్ దగ్గర" అని సరిపెట్టిన రోజులు మాకూ ఉన్నాయి. మా గదిలో ఉన్నన్నాళ్లూ మేము మా భాషలో గట్టిగా మాట్లాడుకోలేదు. కిటికీ మూసి మాట్లాడుకునేవాళ్లం. రాబర్ట్‌సన్ ఆ కిటికీ 1994లో తెరిచాడు. అమెరికా ఆదివాసుల గురించిన ఒక టీవీ ధారావాహిక కోసం ఆదివాసీ కళాకారులను కూడగట్టి 'మ్యూజిక్ ఫర్ ది నేటివ్ అమెరికన్స్' అనే ఆల్బమ్ చేశాడు. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది. 2023లో చనిపోయాడు. ఆ ఆల్బమ్ 1969 నాటి ఆల్బమ్ అంత గొప్పగా ఉందా అంటే, మా చెవులకు లేదు. అయినా అది వింటుంటే ఒక మనిషి ఇంటికి చేరుకున్నట్టు ఉంటుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. రాక్ సంగీతానికి పునాది అమెరికాలోని నల్లవాళ్ల బ్లూస్ పాట. ఇంగ్లండ్ బృందం లెడ్ జెప్లిన్ రెండో ఆల్బమ్ 1969లో వచ్చింది. అందులో మొదటి పాట 'హోల్ లాటా లవ్' గిటారు దెబ్బ వింటే ఇప్పటికీ మా తల దానంతటదే ఊగుతుంది. ఆ పాటలోని మాటలు తన పాత పాటవని చికాగోలోని నల్లజాతి రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది. తర్వాత రచయితల పేర్లలో ఆయన పేరూ చేర్చారు. డిక్సన్ రాసిన పాటకు కాగితం ఉంది కాబట్టి పేరు తిరిగి వచ్చింది. మన అవ్వలు పాడే పాటలకు ఏ కాగితముంది?

నాట్యానికి భయపడిన సైన్యం

రెడ్‌బోన్ అనే బృందం పేరు మన పిల్లలకు తెలియకపోవచ్చు. వాళ్ల పాట 'కమ్ అండ్ గెట్ యువర్ లవ్' మాత్రం చాలామంది వినే ఉంటారు. 2014లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' సినిమా మొదట్లో హీరో గంతులేసేది ఆ పాటకే. ఆ పాట చేసింది అమెరికా ఆదివాసులని మా తరగతిలో చెబితే ఒక్కరూ నమ్మలేదు.

పాట్, లోలీ అనే అన్నదమ్ములు 1969లో లాస్ ఏంజెలెస్‌లో ఈ బృందం మొదలుపెట్టారు. అసలు ఇంటిపేరు వాస్క్వెజ్. ఆ పేరుతో సంగీత వ్యాపారంలో నిలబడలేరని ఏజెంటు చెబితే వేగస్ అని మార్చుకున్నారు. అలా పేరు మార్చుకున్నవాళ్లే తర్వాత తమది ఆదివాసీ రాక్ బృందమని బాహాటంగా చెప్పుకున్నారు. 1973లో తెచ్చిన ఆల్బమ్‌కు 'వొవోకా' అని పేరు పెట్టారు.

వొవోకా పైయూట్ జాతికి చెందిన ప్రవక్త. 1889లో, అందరూ కలిసి వలయంగా నాట్యం చేస్తే చనిపోయిన పెద్దలు తిరిగి వస్తారనీ పోయిన రోజులు తిరిగి వస్తాయనీ బోధించాడు. దాన్ని 'ఘోస్ట్ డాన్స్' అన్నారు. ఆ నాట్యం ఒక తెగ నుంచి ఇంకో తెగకు పాకింది. ప్రభుత్వం భయపడి సైన్యాన్ని దించింది. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ అనే చోట లకోటా జాతివాళ్లను, ఆడవాళ్లనూ పిల్లలనూ కలిపి సుమారు 250 నుంచి 300 మందిని సైన్యం చంపేసింది. 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి సంగతి తెలిసిన మన తెలుగు ఆదివాసులకు, జనం గుమిగూడితే ప్రభుత్వానికి ఎందుకు భయమో వేరే చెప్పనక్కర్లేదు.

వొవోకా ఆల్బమ్‌లో లోలీ గిటారు నీళ్ల మీద అల ఊగినట్టు ఉంటుంది. డ్రమ్స్ కాలు నిలవనివ్వవు. 'కమ్ అండ్ గెట్ యువర్ లవ్' 1974లో అమెరికా పాటల పట్టికలో ఐదో స్థానం దాకా వెళ్లింది. కానీ అది మామూలు ప్రేమ పాట. అందులో ఆదివాసీ బతుకు గురించి ఏమీ లేదు. 1973లోనే వాళ్లు ఇంకో పాట చేశారు, 'వుయ్ వర్ ఆల్ వూండెడ్ ఎట్ వూండెడ్ నీ'. వూండెడ్ నీ అంటే గాయపడ్డ మోకాలు. అక్కడ మేమందరం గాయపడ్డాం అని పేరులోనే ఉంది. ఆ ఏడాదే అదే చోట ఆదివాసీ ఉద్యమకారులు 71 రోజులు తిష్ట వేసి ప్రభుత్వాన్ని నిలదీశారు. ఆ పాట నెదర్లాండ్స్‌లో మొదటి స్థానానికి చేరింది. సొంత దేశం అమెరికాలో మాత్రం ముందు విడుదలే ఆపేశారు. తర్వాత కొన్ని రేడియో స్టేషన్లు దాన్ని వేయమన్నాయి.

ప్రేమ పాట పాడితే నెత్తిన పెట్టుకున్నారు. 'మేము' అని పాడేసరికి తలుపు వేసేశారు. రెడ్‌బోన్ గురించి మాకు గుర్తుండేది ఇదే. 1974లో ఒక టీవీ కార్యక్రమంలో వాళ్లు ఆ ప్రేమ పాట పాడే ముందు, బృందంలోని టోనీ బెల్లామీ సంప్రదాయ వేషంలో తన జాతి నాట్యం చేస్తాడు. ఆ తర్వాతే గిటార్లు మొదలవుతాయి. పాటలో చెప్పనివ్వని మాటను అడుగులతో చెప్పారేమో అనిపిస్తుంది. అయినా ఇక్కడ మేము ఒక జాగ్రత్త చెప్పాలి. వేషం కట్టనిచ్చి మాట చెప్పనివ్వకపోవడం మనకూ అలవాటైన మర్యాదే. మంత్రిగారు వస్తే మన పిల్లలకు థింసా చీరలు కట్టించి దారి పొడవునా ఆడిస్తాం. ఆట అయ్యాక మైకు వాళ్లకు ఇస్తామా?

బడి పంతులు పాడిన రాక్ పాట

ఇక చివరిది, మా మనసుకు అన్నిటికంటే దగ్గరిది. ఆస్ట్రేలియా ఉత్తర కొసన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌లో యిర్కాలా అనే ఊరుంది. యోల్ంగు జనం ఊరు. అక్కడి 'యోతు యిండి' బృందం 1991లో 'ట్రైబల్ వాయిస్' ఆల్బమ్ తెచ్చింది. యోతు యిండి అంటే బిడ్డా తల్లీ. దాని గాయకుడు మండావుయ్ యునుపింగు బడి పంతులు. ఆర్న్‌హెమ్ ల్యాండ్ ఆదివాసుల్లో మొదట యూనివర్సిటీ డిగ్రీ అందుకున్నది ఆయనే, 1988లో, అదీ విద్యాబోధనలో. తర్వాత సొంత ఊరి బడికి ప్రిన్సిపాల్ అయ్యాడు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే మడుగును ఉదాహరణగా చెప్పి, పిల్లలకు యోల్ంగు చదువూ తెల్లవాళ్ల చదువూ రెండూ కలిపి నేర్పాలన్నాడు. కువి, సవర, కోయ భాషల్లో వాచకాలు పట్టుకుని పాఠం చెప్పిన మన టీచర్లకు ఈ మడుగు కొత్త కాదు.

ఆ ఊరికీ మన కొండలకూ ఇంకో చుట్టరికం ఉంది, బాక్సైట్. 1963లో ప్రభుత్వం వాళ్ల భూమిలో కొంత బాక్సైట్ గనికి కేటాయిస్తే, యిర్కాలా పెద్దలు చెట్టు బెరడు మీద తమ బొమ్మలు వేసి, తమ భాషలోనూ ఇంగ్లీషులోనూ వినతిపత్రం అతికించి పార్లమెంటుకు పంపారు. పని కాలేదు. కోర్టుకు వెళితే 1971లో ఓడిపోయారు. గని వచ్చింది. అరకు, చింతపల్లి కొండల బాక్సైట్ కోసం మనవాళ్లు ఎన్ని ఊరేగింపులు చేశారో, 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు మనకు ఎంత ధైర్యమిచ్చిందో తెలిసినవాళ్లు ఆ బెరడు వినతిపత్రం విలువ కట్టగలరు.

1988లో ప్రధాని బాబ్ హాక్ ఆదివాసులతో ఒప్పందం చేసుకుంటామని మాటిచ్చాడు. మూడేళ్లయినా జరగలేదు. ఆ మాట ఏమైందని అడిగే పాటే 'ట్రీటీ'. దాన్ని కట్టడంలో పాల్ కెల్లీ, మిడ్‌నైట్ ఆయిల్ వాళ్లూ చేయి వేశారు. కానీ ఈసారి ముందు నిలబడి పాడింది యునుపింగు. సగం ఇంగ్లీషు, సగం యోల్ంగు భాష. గిటారు, డ్రమ్స్ పక్కన బిల్మా అనే తాళం కర్రలు, యిడాకి అనే పొడవాటి ఊదుడు వాయిద్యం. డీజిల్ అండ్ డస్ట్‌లో మాకు తక్కువైంది ఇక్కడ దొరికింది. తోడు వచ్చినవాళ్లు పక్కన నిలబడ్డారు. 'మేము' అనేది మాత్రం ఆ మాట చెందినవాడి నోటి నుంచే వచ్చింది.

ఈ ఆల్బమ్‌ను అర్థం చేసుకోవడానికి మాకు చాలా కాలం పట్టింది. ఇందులో రాక్ పాటల పక్కనే తాళం కర్రలూ యిడాకీ తప్ప ఇంకేమీ లేని పాత పాటలున్నాయి. 'గపు' అంటే నీరు, 'ధర్పా' అంటే చెట్టు. మొదట్లో వాటిని దాటేసి 'ట్రీటీ' దగ్గరికే వెళ్లేవాళ్లం. తర్వాత తెలిసింది, ఆ బృందం దేన్ని ఎక్కడ కలపాలో ఆలోచించే కలిపిందని. 'ట్రీటీ'లో గిటారుతో కలిసింది జట్పంగరి అనే బాణీ. అది యిర్కాలా కుర్రవాళ్లు సరదాకి కట్టుకుని ఆడుకునే పాటల తీరు, 1930ల నుంచీ ఉంది. వంశం వంశానికి చెందిన పవిత్రమైన పాటలు వేరు. వాటికి హక్కుదారులున్నారు, నియమాలున్నాయి. కుర్రవాళ్ల పాటను కుర్రవాళ్ల వాయిద్యంతో కలిపారు. పెద్దల పాటను పెద్దల తీరులోనే ఉంచారు.

ఈ పాటకు తర్వాత జరిగిందీ చెప్పాలి. మెల్‌బోర్న్ డీజేలు దీనికి డాన్స్ రీమిక్స్ చేశారు. పాట దేశమంతా మోగింది ఆ రీమిక్స్ వల్లే. అందులో ఇంగ్లీషులో సూటిగా నిలదీసే చరణాలు చాలావరకు పోయాయి. ఊపు మిగిలింది, యోల్ంగు మాటలు మిగిలాయి. ఆ భాష రానివాళ్లు హాయిగా గంతులేశారు. పాట గెలిచింది, అడిగింది మాత్రం దొరకలేదు. దేశం మొత్తానికి అలాంటి ఒప్పందం ఇప్పటికీ లేదు. అయినా ఆ రీమిక్స్‌ను తిట్టడానికి మాకు మనసొప్పదు. యోల్ంగు మాటలు అంతమంది చెవుల్లో పడింది దాని వల్లే. అయితే రీమిక్స్ ఒక్కటే విన్నవాడికి ఒప్పందం సంగతి తెలియదు. ఎవరో ఒకరు అసలు పాట కూడా వినిపించాలి. ఆ ఎవరో ఒకరు బడి పంతులు కాక ఇంకెవరు?

వాడికి మా జవాబు

ఇవన్నీ మళ్లీ విన్నాక మేము మా విద్యార్థికి చెప్పింది తప్పని తేలింది. గిటారు కలిస్తే మన పాట మన పాటలా ఉండదని అన్నాం. యోతు యిండి పాటలో గిటారుంది, అది యోల్ంగు పాటే. మన ఊళ్ల పెళ్లిళ్లలో డీజే పెట్టెలో థింసా బాణీ తీసుకుని ఎవరో సినిమా మాటలు పెట్టి వేస్తున్నారు. అందులో తుడుము శబ్దం ఉంది, అయినా అది మన పాట కాదు. కాబట్టి తేడా వాయిద్యంలో లేదు. ఎవరు పాడుతున్నారు, ఏ భాషలో పాడుతున్నారు, ఎవరి అనుమతితో, ఎవరి పేరు చెప్పి పాడుతున్నారు అనేదే అడగాలి. పూజలో దిసారి పాడే పాటను వేదిక మీదికి తేకూడదు. ఆట పాటను తేవచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి పంపేటప్పుడు పాడిన అవ్వ పేరు, ఊరి పేరు ముందు చెప్పాలి. ఆమె వద్దంటే పంపకూడదు. ఇవి మేము విదేశీ పాటలు విని నేర్చుకున్నామంటే నవ్వు రావచ్చు. మన పెద్దలు ఎప్పుడూ పాటించినవే ఇవి. మేమే చదువుకుని మరిచిపోయాం.

ఈ ఏడాది పండగకు ముందు పెద్దల దగ్గర కూర్చున్నాం. పూజ అయ్యాక ఆట మొదలైనప్పుడు గిటారు వాయించుకోవచ్చని వాళ్లు ఒప్పుకున్నారు. వాళ్లకు పెద్ద అభ్యంతరమే లేదని, కిందటేడు మా మొహం చూసే ఆగారని అప్పుడు తెలిసింది. ఆ రాత్రే వాడికి ఫోన్ చేశాం. తప్పు మాదేనని చెప్పి, గిటారు తీసుకుని రమ్మన్నాం.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు. "వస్తాను మాస్టారూ. వాయించడం వచ్చు. కానీ ఆ పాట మాటలు నాకు సగమే వచ్చు. మిగతా సగం మీరు చెబుతారా?"

ఫోన్ పెట్టేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా ఇద్దరికీ కూడా ఆ మిగతా సగం పూర్తిగా రాదు. మర్నాడు సాయంత్రం బడి వదిలాక, పలకా బలపం పట్టుకున్న పిల్లల్లా, ఊరి చివర ఉండే అవ్వ ఇంటికి వెళ్లాం.